సందులోకి స్వామి

ఇంటి ముందు అరుగు మీద మొదటి గడ్డపార దెబ్బ తానే వేస్తానని పట్టుబట్టింది హేమావతి. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు, పైగా ఆ గడ్డపార ఎంత బరువో ఎత్తేదాకా ఆమెకు తెలియదు. అయినా ఎత్తింది. సిమెంటు పెచ్చు ఒకటి లేచి ఆమె కాలి మీదే పడింది. చుట్టూ నిలబడ్డ సందు జనం చప్పట్లు కొట్టారు. ముకుందన్ ఫోనులో ఫోటో తీసుకున్నాడు. అతను పెరుమాళ్ గుడి కమిటీలో మనిషి, ఎమ్మెల్యే విజయరంగన్‌కి కుడిభుజం. ఆ రెండు ఉద్యోగాల్లో ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అతనికే తెలియదు.

"అక్కే మొదలుపెట్టినాక ఇంక మాట్లాడేదానికి ఏముంది?" అన్నాడు ముకుందన్, అందరికీ వినపడేలా.

 ఎదురింటి జయంతి తన అరుగు మీది కుట్టు మిషన్‌ని ఒక్కతే లోపలికి ఈడ్చుకుంటోంది. హేమావతి కాలు దులుపుకుని వెళ్ళి ఒక చెయ్యి వేసింది. ఆ ఇంటికి ఉన్నది ఒక్క గది. మిషన్ లోపలికి వచ్చాక మంచానికీ గోడకీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడవాల్సి వచ్చింది.

"దీన్ని ఈడ పెడితే బట్టలకి కొలతలిచ్చేదానికి వచ్చినోళ్ళు యాడ నిలబడతారక్కా?" అంది జయంతి.

"మఖం పండగ అయిపోనీ జయంతీ. స్వామి ఒకసారి నీ వాకిట్లో నిలబడితే చాలు, అన్నీ ఆయనే చూసుకుంటాడు."

"సరే అక్కా. నువ్వు చెప్తే సరే," అంది జయంతి. మిషన్ మీద పాత చీర కప్పింది.

తమిళ ఊళ్ళో, ఉప్పళం పేటలో ఆ సందు ఎంత ఇరుకంటే, రెండు స్కూటర్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. రెండు వైపులా ఇళ్ళు, ఇంటికో అరుగు. తరాల క్రితం ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ తెలుగు వాళ్ళు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, గుడిలో తమిళ పాశురాలు పాడతారు, తెలుగు అక్షరం మాత్రం ఒకరికీ రాదు. మాసి మఖం నాడు ఊళ్ళోని దేవుళ్ళందరూ సముద్ర స్నానానికి బయలుదేరితే, వీళ్ళ చిన్న పెరుమాళ్ళు కూడా పల్లకి ఎక్కి బయలుదేరేవాడు. దారిలో ప్రతి సందులోకీ వచ్చి, ప్రతి గుమ్మం ముందూ ఆగి, కొబ్బరికాయ కొట్టించుకుని, కర్పూరం చూసుకుని మరీ పోయేవాడు.

రెండేళ్ళ క్రితం విజయరంగన్ స్వామికి రథం చేయించాడు. ట్రాక్టరు లాగే రథం, ఇత్తడి రేకు తాపడం, రంగు రంగుల లైట్లు, వెనక జనరేటరు. ఆ రోజు ఊరంతా మురిసిపోయింది. అందరికంటే ఎక్కువ మురిసిపోయింది హేమావతి భర్త వీరరాఘవన్. ముప్పై ఏళ్ళు పల్లకి ముందు కొమ్ము భుజాన మోసిన మనిషి ఆయన. ఎడమ భుజం మీద నిమ్మకాయంత కాయ ఉంది. "ఇంక పిలకాయల భుజాలు పుండ్లు పడవు," అని గుడి ముందు నిలబడి అందరితో చెప్పాడు. రథం సందులోకి పట్టదన్న సంగతి ఆ సంతోషంలో ఒక్కరికీ తట్టలేదు. స్వామి పెద్ద వీధిలోనే వెళ్ళిపోతుంటే, పళ్ళేలు పట్టుకుని సందు మొగదలకి వెళ్ళి నిలబడ్డారు. వాళ్ళు కోరుకున్న వైభోగమే, ఎవరిని అంటారు?

ఆ తర్వాత వీరరాఘవన్‌కి పక్షవాతం వచ్చింది. కుడి పక్కా మాటా రెండూ పోయాయి. నోటి నుంచి వచ్చే ధ్వనుల్లో ఏది ఆకలో, ఏది దాహమో, ఏది కోపమో ఒక్క హేమావతికే తెలుసు. పోయిన మఖం నాడు మేళం పెద్ద వీధిలో వినపడి, అలాగే దూరమైపోతుంటే ఆయన తల తిప్పి గుమ్మం వంక చూస్తూనే ఉన్నాడు. ఆ చూపు ఆమెను ఏడాదంతా నిద్రపోనివ్వలేదు.

అందుకే, పోయిన నెల విజయరంగన్ సందులోకి వచ్చి, "స్వామి రావాలంటే దారి ఉండాల గదా తల్లీ. మీ అరుగులు ఇవ్వండి, రథాన్ని మీ గుమ్మం ముందుకి తెచ్చే పూచీ నాది," అన్నప్పుడు ఆమెకు దేవుడే పలికినట్టు అనిపించింది. ఇల్లిల్లూ తిరిగింది. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి కనుక ఆ సంగతి కూడా కలిపే చెప్పింది. "ఆయనకి వేసే ఓటు పెరుమాళ్ళకి వేసినట్టే," అంది. నిజంగా నమ్మే అంది.

సాయంత్రానికి సందులో అరుగు అన్నది లేకుండా పోయింది. కంకర పోశారు, రోలరు తొక్కించారు. ఇళ్ళ గుమ్మాలు నేరుగా రోడ్డు మీదికి వచ్చేశాయి. కొత్తగా చూసేవాళ్ళకి ఆ ఇళ్ళు పళ్ళు ఊడిన నోళ్ళలా కనిపిస్తాయి. హేమావతికి మాత్రం ఎంతో విశాలంగా, అందంగా కనిపించింది.

మర్నాడు భర్త మంచాన్ని ముందు గదిలోకి మార్చింది. తలగడ మీంచి గుమ్మం కనపడాలి, అయితే గాలి నేరుగా తగలకూడదు. నాలుగుసార్లు జరిపి చూసింది. ఆయన్ని కూర్చోబెట్టి, వెనక దిండ్లు పెట్టి, భుజానికి నూనె రాసింది. కాయ ఉన్న చోట వేళ్ళు కాసేపు ఆగిపోయాయి. మోత మానేసి రెండేళ్ళైనా అది కరగలేదు.

"ఈసారి స్వామి గుమ్మం ముందుకే వస్తాడు. నువ్వు పండుకునే చూడొచ్చు," అంది. ఆయన ఎడమ చేత్తో ఆమె మణికట్టు పట్టుకుని ఒక ధ్వని చేశాడు. ఎప్పుడు అని అడుగుతున్నాడని ఆమెకు అర్థమైంది. "ఇంకెంత, శనివారమే," అంది.

ఆయన్ని కుర్చీలోకి దించి పక్క దులుపుతుంటే ఒక ఆలోచన వచ్చింది. ఆయన తల పెట్టే చోట తన తల పెట్టి పడుకుంది. ఆయనకు ఏం కనపడుతుందో చూడాలి గదా. గుమ్మం, కొత్త రోడ్డు, జయంతి ఇంటి కిటికీ, ఆ పైన కొంచెం ఆకాశం కనిపించాయి. ఆ ఆకాశానికి అడ్డంగా కరెంటు తీగలు, ఒకటి కాదు రెండు కాదు, సందు ఈ వైపు నుంచి ఆ వైపుకి వేలాడుతూ కనిపించాయి. ఇన్నేళ్ళుగా తలెత్తి చూడలేదు గనుక ఆమెకు అవి ఉన్నట్టే తెలియదు. వాటిని చూస్తూ ఆమె చాలాసేపు అలాగే పడుకుండిపోయింది. రథం మీది కలశం ఎంత ఎత్తో గుర్తు తెచ్చుకోబోయింది.

గుడి వెనక రేకుల షెడ్డులో రథానికి కాపలా మునియన్. వీరరాఘవన్‌తో పాటు పల్లకి మోసినవాడే, ఆయన వెనక కొమ్ము ఇతనిది. రథం ఎత్తెంతని హేమావతి అడిగింది విని, పందిరి వెదురు ఒకటి తీసుకుని రథం పక్కన నిలబెట్టాడు. కలశం ఎంతవరకు వచ్చిందో అక్కడ తన తలగుడ్డ చింపి పీలిక కట్టాడు. వెదురు భుజాన వేసుకుని ఆమె వెంట సందులోకి వచ్చి, తీగల కింద నిటారుగా నిలబెట్టాడు. పీలిక తీగలకు పైన, మనిషెత్తు పైన, గాలికి ఆడింది.

"పట్టదు వదినా," అన్నాడు మునియన్. వెదురు దించి నేల మీద పెట్టి, పక్కనే గొంతుక్కూర్చున్నాడు. "వెడల్పుకి పడతాది. ఎత్తుకి పట్టదు."

"తీగలు ఎత్తిస్తారేమో."

"ఎత్తిస్తే మంచిదే," అన్నాడు. ఆమె మొహం చూడలేక వెదురు కణుపుల వంక చూస్తూ అన్నాడు.

ముకుందన్‌కి ఫోను చేస్తే, "కరెంటోళ్ళకి చెప్పుండామక్కా, నీకెందుకు దిగులు," అన్నాడు. ఆ మధ్యాహ్నమే సందులోకి మొదటి బండి వచ్చింది. రథం కాదు, ఇనుప కడ్డీల లారీ. తీగల కిందుగా హాయిగా దూరి, గుమ్మాలన్నీ అదిరేలా వెళ్ళి, సందు చివర పాత బియ్యం గోడౌను దగ్గర ఆగింది. దాని వెనకే ఇంకొకటి వచ్చింది. గోడౌను చుట్టూ కట్టిన రేకుల తలుపు తీసి లారీలని లోపలికి పిలిచింది విజయరంగన్ బావమరిది. సందులో అందరూ ఎరిగిన మనిషే.

జయంతి కిటికీలోంచి చూస్తోంది. హేమావతి లారీ దగ్గరికి నడిచింది. "ఏంది తంబీ కడతా ఉండారు?" అని డ్రైవరుని అడిగింది.

"హోటలమ్మా. ఎమ్మెల్యే సారుది. లారీకి దారి లేక ఇన్నాళ్ళూ ఆగిపోయిందంట," అన్నాడు డ్రైవరు. పాపం, దాపరికం ఏమీ లేదు అతనికి.

హేమావతి వెనక్కి తిరిగింది. తన ఇంటికీ జయంతి ఇంటికీ మధ్య రోడ్డు మీద నిలబడింది. ఏ గుమ్మం ఎక్కాలో తెలియనట్టు నిలబడిపోయింది.  జయంతి కిటికీ మూసింది. దుమ్ము లోపలికి రాకుండా మూసిందో, ఇంకెందుకు మూసిందో.

మర్నాడు పొద్దున్నే హేమావతి విజయరంగన్ ఇంటికి వెళ్ళింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి, ఆమెను కూర్చోబెట్టి, కాఫీ తెప్పించాడు. నుదుట నామం, మెడలో తులసి పూసలు. అవి వేషం కాదు. గుడికి ఆయన రాని శనివారం లేదు. హేమావతికి ఆ సంగతి తెలుసు గనుకనే నోరు పెగలడం కష్టమైంది.

"హోటలు మీదంట గద సార్," అంది చివరికి.

"నాదేనమ్మా. నేను దాచింది యాడ? మీరు అడగలేదు, నేను చెప్పలేదు." నవ్వాడు. "రేపు మన పిలకాయలకే పని దొరకతాది. స్వామి పనీ చేసినా, నా పనీ చేసుకుంటా ఉండా. రెండిటికీ ఒకే దారి. దాంట్లో తప్పేముంది, మీరే చెప్పండి."

 ఆ మాట విన్నప్పుడు హేమావతికి అంతా సరిగ్గానే ఉన్నట్టు అనిపించింది, కాఫీ మాత్రం ముట్టలేకపోయింది.

"రథం రాదు గద సార్. తీగలు అడ్డం ఉండాయి."

"ఈసారికి కుదర్లేదమ్మా. తీగలు మార్చాలంటే శానా తతంగం ఉండాది. వచ్చే మఖానికి తప్పకుండా."

"మా ఇంటాయనకి వచ్చే మఖం లేదు సార్."

విజయరంగన్ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. ఆయన మొహంలో నిజమైన బాధే కనిపించింది. హేమావతి ఆ ఒక్క నిమిషాన్ని పట్టుకుని వేలాడింది. "పాత పల్లకి షెడ్డులోనే ఉండాది. ఒక్క మా సందుకి..."

"రథం ఎక్కినాక స్వామిని నడిదార్లో దించకూడదంటాడు పూజారి భట్టరు. మోసేదానికి మనుషులు మాత్రం యాడుండారు?" అన్నాడు. ఫోను మోగింది. తీస్తూనే, "సందు మొగదల్లో రథం ఆపిస్తా. ఎంతసేపైనా సరే. నేనే వచ్చి ప్రసాదం ఇచ్చిపోతా మామకి, సరేనా," అన్నాడు.

ఆమె లేచింది. దారి పొడవునా ఆ ఎండలో నడుస్తుంటే ఏడుపు రాలేదు గానీ సిగ్గు ముంచుకొచ్చింది. ఆయన తనను మోసం చేశాడని కూడా అనుకోలేకపోయింది. సందు జనం దగ్గర దేవుడి పేరు చెప్పింది తాను. ఆయన అరుగులు అడిగాడు, తీసి ఇచ్చింది తాను.

ఇంటికి పోకుండా జయంతి గుమ్మంలో నిలబడింది. జయంతి మంచం మీద కూర్చుని చేత్తోనే కాజాలు కుడుతోంది. మిషన్ తొక్కడానికి కాలు చాచే చోటు లేదు మరి.

"రథం రాదు జయంతీ. సందు మొగదల్లోనే ఆపతారంట. ఈ దారి హోటలుకి. నాకు తెలీదు. తెలీకుండానే మీ అందరి చేతా చేయించినా." హేమావతి గడప పట్టుకుంది. "ఇంక ఓటు సంగతి నేను ఎవురికీ చెప్పను. స్వామి పేరు పెట్టి అసలే చెప్పను. నీ అరుగు మాత్రం తెచ్చియ్యలేను గదా."

జయంతి దారం కొరికింది. ఇంకో కాజా మొదలుపెట్టి, అదీ పూర్తి చేసింది. 

"మామకి తెలుసునా?" అంది జయంతి చివరికి.

"ఏమని చెప్పేది? గుమ్మం వంక చూస్తానే ఉండాడు."

జయంతి సూదిని చీర కొంగుకి గుచ్చుకుంది. "మొగదల్లో ఆపతారంట గదా. మంచాన్నే ఆడికి ఎత్తుకోని పోతే పోలా?" అంది.

శనివారం పొద్దున్నే మునియన్ వెదుళ్ళు తెచ్చాడు. మంచానికి రెండు వైపులా వెదురు పెట్టి, కొబ్బరి తాడు అడ్డంగా నిలువుగా చుట్టి, మోకాలితో అదిమి బిగించాడు. పల్లకికి వేసే ముడే వేశాడు, అదొక్కటే తనకు వచ్చునని అన్నాడు. పాత మోతగాళ్ళు ఇద్దరు వచ్చారు. నాలుగో కొమ్ముకి మనిషి లేడు. జయంతి చీర చెంగు నడుముకి చుట్టి ముందు కొమ్ము కింద భుజం పెట్టింది. "లేమ్మా, ఆడోళ్ళు..." అని మునియన్ అనబోయాడు. "మీరు ఎత్తండి అన్నా ముందు," అంది జయంతి.

మంచం లేచింది. వీరరాఘవన్ కళ్ళు పెద్దవయ్యాయి. హేమావతి గొడుగు పట్టుకుని పక్కన నడిచింది. మొదటి నాలుగడుగులు మంచం కుదిపింది, జయంతికి నడక అలవాటు లేదు. అప్పుడు ఆయన ఎడమ చేతి వేళ్ళు మంచం పట్టె మీద కొట్టడం మొదలుపెట్టాయి. కొట్టి, ఆగి, మళ్ళీ కొట్టి. మునియన్ విన్నాడు. "అట్టా, అట్టా. మామ చెప్తా ఉండాడు చూడు, దాని ప్రకారం వెయ్యి అడుగు," అన్నాడు. నడక కుదిరింది. మోసినన్నాళ్ళూ స్వామిని అలా కుదుపు లేకుండా తీసుకుపోయిన మనిషి, ఇప్పుడు పడుకుని తన మోతని తానే నడిపించుకుంటున్నాడు. 

విజయరంగన్ మాట తప్పలేదు. రథం సందు మొగదల్లోనే ఆగి ఉంది. జనరేటరు హోరు, మేళం, పట్టపగలే వెలుగుతున్న లైట్లు. రథం ముందు విజయరంగన్ తెల్ల చొక్కాలో చేతులు జోడించి నిలబడితే, ఆడవాళ్ళు వరుస కట్టి ఆయనకు హారతులు ఇస్తున్నారు. మంచాన్ని చూడగానే ఆయన అందర్నీ తప్పించుకుని పరుగున వచ్చాడు. పళ్ళెంలో ప్రసాదం, చేతిలో తులసి. మంచం మీదికి వంగి, వీరరాఘవన్ చచ్చుబడిన కుడిచేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. ముకుందన్ ఫోను ఎత్తాడు. ఇంకా చాలా ఫోన్లు లేచాయి.

వీరరాఘవన్ నోటి నుంచి ఒక ధ్వని వచ్చింది. మళ్ళీ వచ్చింది, ఈసారి గట్టిగా.

"ఏమంటా ఉండారమ్మా?" అన్నాడు విజయరంగన్. ఆయన కళ్ళు తడిగానే ఉన్నాయి.

"దీవిస్తా ఉండారు సార్," అన్నాడు ముకుందన్, ఫోను దగ్గరికి తెస్తూ. "ఇంకోసారి గెలవమని దీవిస్తా ఉండారు. కాదా అక్కా?"

అందరూ హేమావతి వంక చూశారు. సందు మొత్తం అక్కడే ఉంది, పళ్ళేలు పట్టుకుని. అవునంటే చాలు. ఆ నోటి మాటకు ఆమె తప్ప సాక్షి లేదు, ఆమె ఏమంటే అదే ఆయన అన్నట్టు. పండుగ పూట ఎవరి మనసూ నొప్పించకుండా అయిపోతుంది. ఆమె భర్త మొహం చూసింది. వంగిన ఆ తెల్ల చొక్కా పక్క నుంచి చూడాలని ఆయన మెడ అటూ ఇటూ వెతుక్కుంటోంది.

"జరగమంటా ఉండారు సార్," అంది హేమావతి.  "మీరు అడ్డంగా ఉండారంట. స్వామి కనపళ్ళేదంట."

 విజయరంగన్ పెదవుల మీద నవ్వు అలాగే ఉండిపోయింది. చెయ్యి వదిలాడు. ఒక అడుగు పక్కకి వేశాడు. జనం కూడా అప్పుడే నేర్చుకున్నట్టు జరిగారు. మంచానికీ రథానికీ మధ్య దారి ఏర్పడింది. ముకుందన్ ఫోను దించి జేబులో పెట్టుకున్నాడు.

వీరరాఘవన్ చూశాడు. రథం పైన, ఎక్కడో ఎత్తున, లైట్ల మధ్య స్వామి ఉన్నాడు. జానెడు దూరంలో భుజం పక్కన మోసిన మొహం, ముత్యాల నామం ఎటు ఒరిగిందో కూడా చెప్పగలిగే మొహం. ఇప్పుడు దండల పైన చిన్న మెరుపులా ఉంది. ఆయన కళ్ళు చికిలించి చూస్తూనే ఉన్నాడు. ట్రాక్టరు కదిలింది. ముందు మేళం, వెనక జనరేటరు, రథం సముద్రం దారి పట్టింది. ఆయన మెల్లగా ఒక ధ్వని చేశాడు.

"ఇప్పుడేమంటా ఉండాడక్కా మామ?" అంది జయంతి, కొమ్ము కింద నుంచే.

"స్వామి శానా దూరంగా ఉండాడంట. మొకం తెలీలేదంట," అంది హేమావతి. ఆ మాట బయటికి వచ్చాక ఇంక ఆపుకోలేకపోయింది. గొడుగు పట్టుకునే ఏడ్చింది.

పాత మోతగాళ్ళు మంచాన్ని ఇంటి వైపు తిప్పబోయారు. మునియన్ కదల్లేదు. వెళ్ళిపోతున్న రథాన్ని చూస్తూ నిలబడ్డాడు.

"సముద్రంలోకి రథం పోదు గదా," అన్నాడు నెమ్మదిగా. "స్నానానికి స్వామిని దించే తీరాల. ఇసకలో కింద పెడతారు, ఆడ మొకం తెలస్తాది. చేత్తోనే మోసుకోని పోవాల నీళ్ళలోకి."

 స్నానం జరిగే వైత్తికుప్పం రేవు దగ్గరేమీ కాదు. ఎండ ముదురుతోంది, మోసేవాళ్ళలో ముగ్గురు ముసలివాళ్ళు. స్నానం ముగిసేలోగా చేరగలరని ఎవరూ చెప్పలేరు. హేమావతి వద్దనాలనుకుంది. అనలేకపోయింది, ఎందుకంటే పట్టె మీద ఆయన వేళ్ళు మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాయి.

హారతి పళ్ళెం నేల మీద పెట్టి ఒకావిడ వెనక కొమ్ముకి భుజం ఇచ్చింది. ఇంకొకరు వచ్చారు. మంచం సముద్రం వైపు తిరిగింది. జయంతి భుజం మార్చుకుంటూ, "అక్కా, గొడుగు కాస్త ముందుకి పట్టు. మామ మొకాన ఎండ పడతా ఉండాది," అంది.